రిగ్లీ ఫీల్డులో ఒక మధ్యాహ్నం

చికాగో నగరంలో రెడ్‌లైన్ రైలెక్కి ఉత్తర దిక్కుగా పోతే ఆడిసన్ అనే స్టేషను వస్తుంది. అక్కడ రైలు నేల మీద నడవదు. ఇనుప స్తంభాల మీద, మేడల డాబాలతో సమానంగా పరుగెడుతుంది. స్టేషను మెట్లు దిగి నాలుగడుగులు వేస్తే ఎదురుగా రిగ్లీ ఫీల్డు. ఇంత పెద్ద ఆటస్థలం ఊరి చివర ఎక్కడో ఉంటుందనుకున్నాను గాని, ఇది అచ్చంగా ఊరి నడుమ ఉంది. ఇటు ఇళ్ళు, అటు ఇళ్ళు, మధ్యలో ఆట. మన పాత ఊళ్ళలో వీధులన్నీ గుడి చుట్టూ పెరిగినట్టు ఇక్కడ పేట యావత్తూ ఈ మైదానం చుట్టూ పెరిగింది.

దీన్ని 1914లో కట్టారు. ఎదుటి వీధుల మేడల వాళ్ళు పూర్వం తమ డాబాల మీద కుర్చీలు వేసుకుని కాణీ ఖర్చు లేకుండా ఆట చూసేవారట. తరవాత ఆ డాబాల మీద మెట్లమెట్లుగా బల్లలు వెలిశాయి, టిక్కెట్లూ వెలిశాయి. అమెరికాలో ఉచితంగా దొరికేది ఏదైనా ఎంతోకాలం ఉచితంగా ఉండదు కాబోలు.

లోపల అడుగు పెట్టగానే కళ్ళకు చల్లగా తగిలేది గోడ. మైదానం అవతలి ఇటుక గోడకంతా ఐవీ తీగె అల్లుకుని ఉంది. 1937లో నాటారు. బంతి పోయి ఆ ఆకుల్లో చిక్కుకుంటే ఆటగాడు వెతకడు. రెండు చేతులూ పైకెత్తి నిలబడతాడు. బంతి కొట్టినవాడికి రెండు బేసులు దక్కుతాయి. తీగె పైన, ప్రేక్షకుల వెనకాల, ఆకుపచ్చని పెద్ద స్కోరుబోర్డు. అదీ ఆనాటిదే. దాని లోపల మనుషులుండి అంకెల పలకలను చేత్తో మారుస్తారు. 2015లో పెద్ద పెద్ద విద్యుత్తు తెరలు వచ్చినా దీన్ని తీసెయ్యలేదు. 1988 ఆగస్టు దాకా ఇక్కడ దీపాలే లేవంటే నమ్మండి. చీకటి పడితే ఆట ఆపి, మర్నాడు మొదలుపెట్టడమే!

మైదానానికి రెండు కొసల రెండు పసుపుపచ్చని స్తంభాలున్నాయి. వాటి మీద చిన్న చిన్న జెండాలు. ఈ చికాగో కబ్స్ జట్టులో పేరుపొందిన ఆటగాళ్ళ నంబర్లను మళ్ళీ ఎవరికీ ఇవ్వకుండా, జెండాలుగా చేసి ఎగరేస్తారు. నేను తల ఎత్తి చదువుకుంటూ పోయాను. ఎడమ స్తంభం మీద ఒక 31 ఉంది. కుడి స్తంభం మీదా ఒక 31 ఉంది.

"ఇదేమిట్రా, ఒకే ఆయనకు రెండు జెండాలా?" అన్నాను మా మేనల్లుడితో.

"కాదు మావయ్యా. ఆ పక్కది ఫెర్గీ జెంకిన్స్‌ది. ఈ పక్కది గ్రెగ్ మాడక్స్‌ది. ఇద్దరూ పిచర్లే. ఇద్దరిదీ ఒకే నంబరు. 2009లో ఒకే రోజున రెండూ ఎగరేశారు," అన్నాడు వాడు.

మా అక్కయ్య కొడుకు. పధ్నాలుగేళ్ళవాడు. తమ పేట జట్టులో వాడూ పిచరే. నన్ను ఇక్కడికి లాక్కువచ్చినవాడు వాడే. వివేకానందస్వామి 1893లో ఉపన్యసించిన భవనమూ, మిషిగన్ సరస్సూ, అరోరాలో బాలాజీ గుడీ అన్నీ బావగారు చూపించారు. "ఇది మాత్రం నేను చూపిస్తా," అన్నాడు కుర్రవాడు. వాడి మాటల్లో మొదటిసారి విన్న ఆ కుడి స్తంభం జెండా మనిషి గురించే ఈ నాలుగు మాటలూ.

ఆట తెలియని పాఠకులకు ఒక్క ముక్క. మనం చిన్నప్పుడు నాలుగు స్తంభాలాట ఆడలేదూ? దానికి ఒక కర్రా, ఒక బంతీ తగిలిస్తే బేస్‌బాల్. కొట్టినవాడు తొంభై అడుగులు పరుగెత్తి మొదటి బేసు చేరాలి. తరవాత రెండోది, మూడోది, చివరకు బయలుదేరిన చోటికి. వాడు మొదటి బేసు చేరేలోగా బంతి అక్కడున్నవాడి చేతిలో పడితే వాడి పని సరి. బంతి విసిరేవాడు పిచర్. మన క్రికెట్ బౌలర్‌లాగా పరుగెత్తుకుంటూ రాడు. మైదానం నడుమ చిన్న మట్టిదిబ్బ ఉంటుంది. దాని మీద నిలబడి, 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి, నేలను తాకకుండా విసురుతాడు. విసిరేటప్పుడు ఒళ్ళంతా ముందుకు తూలుతుంది. విసిరిన మరుక్షణం, కర్రకు అందరికన్నా దగ్గరగా, ఎదురుగా, బోసిగా నిలబడి ఉన్నవాడు అతడే. కొట్టిన బంతి సూటిగా తిరిగివస్తే అతణ్ణి చేరడానికి అర సెకను కూడా పట్టదు. చేతికి ఒక తోలు గ్లవ్వు, అంతే కవచం.

ఇది మాటవరసకు చెప్పడం కాదు. 1957 మే 7న క్లీవ్‌లాండ్ నగరంలో హెర్బ్ స్కోర్ అనే పిచర్ విసిరిన బంతిని న్యూయార్క్ ఆటగాడు గిల్ మెక్‌డూగల్డ్ సూటిగా కొట్టాడు. అది వచ్చి స్కోర్ కంటికి తగిలింది. అతనికి అప్పటికి 23 ఏళ్ళు. అంతకుముందు ఏడాదే 20 ఆటలు గెలిచినవాడు. చూపు నిలిచింది, మళ్ళీ ఆడాడు. ఆ పూర్వపు ఆట మాత్రం తిరిగి రాలేదు. తరవాత మూడు దశాబ్దాలకు పైగా అదే నగరంలో ఆటల వ్యాఖ్యాతగా బతికాడు.

ఈ కథ నాకు చెప్పినది మా అక్కయ్య. ఊరికే చెప్పలేదు. మొన్న వసంతంలో మా వాడికి కూడా ఒక బంతి తిరిగివచ్చి భుజం మీద తగిలింది. ఎముకకేమీ కాలేదు, నెల రోజులు నల్లగా కమిలి ఉంది. అది మానింది గాని, అప్పటినుంచి వాడు బంతి విసిరీ విసరగానే ముఖం పక్కకు తిప్పేసుకుంటున్నాడట. ముఖం తిప్పుకున్నవాడికి బంతి మరీ తగులుతుందని వాళ్ళ కోచి గొడవ. "అసలు ఆ దిబ్బ ఎక్కడమే మానెయ్యరాదూ," అని అక్కయ్య గొడవ. వాడు ఇద్దరికీ జవాబు చెప్పడు. గదిలో గోడ మీద మాడక్స్ బొమ్మ ఒకటి అంటించుకున్నాడు. మాడక్స్ చివరి ఆట ఆడిన 2008 నాటికి వీడు పుట్టనే లేదు!

ఆ బొమ్మలో విశేషమేమిటంటే, అది బంతి విసురుతున్న బొమ్మ కాదు. విసిరిన తరవాతి బొమ్మ. రెండు పాదాలూ సమంగా నేల మీద ఉన్నాయి. మోకాళ్ళు కొద్దిగా వంగి ఉన్నాయి. గ్లవ్వు ఛాతీ ముందు తెరిచి ఉంది. కళ్ళు కర్ర మీద ఉన్నాయి. బంతి ఇంకా అవతలికి చేరకముందే ఈయన పిచర్ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, ఫీల్డర్ ఉద్యోగంలో చేరిపోయాడన్నమాట.

గ్రెగ్ మాడక్స్ 1966లో టెక్సాస్‌లో పుట్టాడు. తండ్రి వైమానికదళ ఉద్యోగి కావడంచేత బాల్యంలో కొంతకాలం స్పెయిన్‌లో గడిచింది. తరవాత లాస్‌వేగాస్. ఆ ఊళ్ళో రాల్ఫ్ మెడర్ అనే పెద్దమనిషి కుర్రాళ్ళకు బంతి విసరడం నేర్పేవాడు. వేగం కన్నా, బంతి ఎక్కడ పడాలో, చివరి క్షణంలో ఎటు తిరగాలో అది ముఖ్యమని ఆయన బోధ. శిష్యుడి హైస్కూలు చదువు పూర్తికాకముందే గురువు కన్నుమూశాడు గాని, పాఠం మిగిలింది. మాడక్స్ ఆరడుగుల మనిషి. ఆ ఆటలో అదేమంత పొడుగు కాదు. ఆట లేనప్పుడు కళ్ళజోడు పెట్టుకుని ఏ కాలేజీ స్టాఫ్ రూములోనో కనబడవలసిన మనిషిలా ఉంటాడు. అతనికి 'ప్రొఫెసర్' అని బిరుదు కూడా. ప్రమోషను కోసం ఫైళ్ళ వెంట తిరిగే మాబోటివాళ్ళకు ఆ బిరుదు వినగానే కొంచెం అసూయ కలిగిందని చెప్పక తప్పదు.

అతని మొదటి ఆట జరిగింది ఈ రిగ్లీ ఫీల్డులోనే, 1986 సెప్టెంబరులో. దీపాలు లేని రోజులు. 2వ తేదీన మొదలైన ఆట చీకటి పడి ఆగిపోయి, 3వ తేదీకి సాగింది. ఇరవయ్యేళ్ళ కుర్రవాణ్ణి ముందు ఒకరి బదులు పరుగెత్తడానికి పంపారు. తరవాత 18వ ఇన్నింగ్స్‌లో బంతి చేతికిచ్చారు. హ్యూస్టన్ ఆటగాడు బిల్లీ హాచర్ దాన్ని కాస్తా మైదానం దాటించాడు. ఆట పోయింది. మరుసటి ఏడు, 1987లో, గెలిచినవి 6, ఓడినవి 14. మన వైపు అయితే, "వీడికి ఈ విద్య అబ్బదు, వేరే ఏదైనా చూసుకోమనండి," అని చెప్పే పెద్దలు వీధికి నలుగురు దొరుకుతారు. 1988లో 18 గెలిచాడు. అది మొదలు 2004 దాకా, వరసగా 17 ఏళ్ళు, ఏటా 15కు తక్కువ కాకుండా గెలుస్తూ వచ్చాడు.

ఆట మొదలైంది. మా వాడు ఒడిలో అట్ట పెట్టుకుని, దాని మీద గళ్ళ కాగితం పరిచి, పెన్సిలు చెక్కి సిద్ధమయ్యాడు. స్కోరు కాగితం అది. ప్రతి బంతికీ ఏం జరిగిందో దానిలో గుర్తులు వేస్తారు. మైదానంలోని తొమ్మిదిమందికీ అంకెలున్నాయి: పిచర్ 1, క్యాచర్ 2, మొదటి బేసువాడు 3, అలా వరసగా. కొట్టిన బంతిని పిచరే పట్టి మొదటి బేసుకు విసిరితే 1-3 అని వేస్తారు. విసిరినవాడి ఖాతాలో ఒక 'అసిస్టు', పట్టి ఔట్ చేసినవాడి ఖాతాలో ఒక 'పుటౌట్'. చేజారిస్తే ఒక తప్పు. అదీ రాస్తారు, పేరుతో సహా. పద్యపాదం కింద గురులఘువులు గుర్తుపెట్టినట్టుగా ఉంది వ్యవహారం. నాకు ఒక్కసారిగా ఆట మీద గౌరవం పెరిగింది. పద్యం విన్నవాడికి గణాలు వినబడవు. కాగితం మీద పెట్టి చూస్తేనే తెలుస్తాయి. ఆటలో కూడా అంతేనని మూడో ఇన్నింగ్స్‌లో తెలిసింది.

కొట్టినవాడు బంతిని కుడిపక్కకు, నేలబారుగా కొట్టాడు. మొదటి బేసు కాపలావాడు దాన్ని అందుకోవడానికి బేసు వదిలేసి లోపలికి ఉరికాడు. బంతి పట్టాడు. కాని బేసు దగ్గర ఎవరూ లేరే! జనమంతా బంతినే చూస్తున్నారు. నేనూ దాన్నే చూస్తున్నాను. మా వాడు నా మోచెయ్యి పట్టుకుని, "మావయ్యా, పిచర్‌ను చూడు, పిచర్‌ను!" అన్నాడు. చూసేసరికి ఆయన దిబ్బ దిగి సగం దూరం వచ్చేశాడు. ఆ పరుగులో ఒక కిటుకు ఉంది. సూటిగా బేసు మీదికి పోతే, పరుగెత్తుకు వచ్చేవాడితో ఢీ కొంటాడు. అందుచేత బేసుకు కొంచెం ఇవతల గీత దగ్గరికి వంపుగా వచ్చి, అక్కడినుంచి గీత వెంబడే పరుగెత్తి, పరుగులోనే బంతి అందుకుని, కుడికాలితో బేసు లోపలి అంచును తాకి, మైదానంలోకి తిరిగిపోవాలి. కొట్టినవాడు ఆ తొంభై అడుగులూ రావడానికి నాలుగు సెకన్లకు కాస్త పైన. ఇదంతా ఆ లోగానే జరిగిపోవాలి. బంతి ఏ పక్కకు పోయిందో చూసి, ఆలోచించి బయలుదేరితే అందదు. కర్ర తగిలిన చప్పుడుకే కాలు కదలాలి.

మా వాడు గడిలో 3-1 అని వేశాడు. జనం కొద్దిగా చప్పట్లు కొట్టి, మళ్ళీ వేరుశనగకాయలు ఒలుచుకోవడంలో పడ్డారు.

మాడక్స్ ఖాతాలో 546 పుటౌట్లున్నాయి. ఈ ఆట చరిత్రలో ఏ పిచర్‌కూ అన్ని లేవు. వాటిలో హెచ్చుభాగం ఇలాంటివే: ఎవరూ చూడని పరుగులు, బేసు దగ్గర ఒక అడుగు, గడిలో ఒక అంకె. 1990 ఏప్రిల్ 29న లాస్‌ఏంజెలెస్ జట్టు మీద ఆడుతూ ఒక్క ఆటలోనే 7 చేశాడు. అసిస్టులు 1,194; ఇందులో మాత్రం పాతకాలపు సై యంగ్ అనే మహానుభావుడు ముందున్నాడు. 23 ఏళ్ళలో తప్పులు 53. నేను అక్కడే టిక్కెట్టు వెనకాల లెక్క కట్టి చూశాను. తన చేతిదాకా వచ్చిన ప్రతి వంద సందర్భాల్లోనూ 97 చక్కబెట్టాడు.

ఇందులో బాగా ఆలోచించవలసిన సంగతి ఒకటి ఉంది. ఈయన విసిరే పద్ధతికీ, పట్టే పద్ధతికీ సంబంధం ఉంది. బంతి చివరిలో కిందికి, పక్కకు జారేటట్టు విసురుతాడు. కొట్టినవాడు దాని నెత్తి మీద కొడతాడు. బంతి నేలబారుగా దొర్లుతుంది. నేలబారు బంతులు ఎక్కువైనకొద్దీ పిచర్‌కు పనీ ఎక్కువే. అంటే ఈయన ప్రత్యర్థి చేత కావాలని కొట్టించి, ఆ కొట్టినదాన్ని తానే వెళ్ళి ఏరుకునేవాడన్నమాట. అందరినీ కర్ర తగలకుండా అవుట్ చెయ్యాలన్న పంతం లేదు. అలాగని చేతకాకా కాదు, అలా అయినవాళ్ళూ 3,371 మంది ఉన్నారు. అందులో మూడువేలోది 2005లో ఈ మైదానంలోనే. నూరు బంతుల లోపల, ఎదుటివాళ్ళకు ఒక్క పరుగైనా ఇవ్వకుండా మొత్తం ఆట ముగిస్తే దానికి అభిమానులు 'మాడక్స్' అనే పేరు పెట్టుకున్నారు. ఆయన చేసినవి 13.

ఏటా ఒక్కొక్క స్థానంలో ఉత్తమ ఫీల్డర్‌కు బంగారు గ్లవ్వు బహుమతి ఇస్తారు. అది మొదలైనదీ హెర్బ్ స్కోర్‌కు దెబ్బ తగిలిన 1957లోనే. మాడక్స్‌కు 18 వచ్చాయి: 1990 నుంచి 2002 వరకు వరసగా, మధ్యలో ఒక ఏడాది మైక్ హాంప్టన్‌కు వదిలి, మళ్ళీ 2004 నుంచి 2008 వరకు. ఏ స్థానంలోనూ మరెవరికీ అన్ని లేవు. అంతకుముందు జిమ్ కాట్ అనే పిచర్‌కు 16 ఉండేవి. అయితే ఈ బహుమతి విషయంలో నాకు చిన్న అనుమానం లేకపోలేదు. ఆ రోజుల్లో జట్ల మేనేజర్లూ కోచ్‌లూ ఓట్లు వేసి నిర్ణయించేవారు. ఒకసారి పేరు పడ్డవాడికి తరవాత ఓట్లు అలవాటుగా పడతాయి. మన సాహిత్య సన్మానాలు చూసినవాళ్ళకు ఇది విప్పి చెప్పనక్కరలేదు. 42 ఏళ్ళ వయసులో వచ్చిన చివరి గ్లవ్వు అలాంటిదేమో. 546 అలాంటిది కాదు. దానికి ఓట్లు లేవు.

లోపం కూడా చెప్పాలి. మొదటి బేసు మీద ఉన్నవాడు, పిచర్ ఏమరుపాటుగా ఉన్నప్పుడు రెండో బేసుకు దొంగచాటుగా పరుగెత్తుతాడు. మాడక్స్ ఈ దొంగలను పెద్దగా పట్టించుకోలేదు. ఆయన మీద జరిగిన దొంగతనాలు 500 దాటాయి. "పోతే పోయాడు, తరవాతివాణ్ణి చూసుకుందాం," అనుకునేవాడేమో. మా మేనల్లుడికి ఈ ప్రస్తావన రుచించలేదు. దొంగతనాల్లో క్యాచర్ తప్పు కూడా ఉంటుందని నాతో చాలాసేపు వాదించాడు. ఇంకో దారీ ఉందన్నాడు. బాబ్ గిబ్సన్ అనే సెయింట్ లూయీ పిచర్ బంతి విసిరాక బొమ్మలోలాగా నిలబడేవాడు కాదట. ఒళ్ళంతా మొదటి బేసువైపు పడిపోయేదట. అయినా 9 బంగారు గ్లవ్వులు గెలుచుకున్నాడు. 1967లో ఒక బంతి తగిలి కాలి ఎముక చిట్లితే, ఆ కాలితోనే మరి ముగ్గురికి విసిరాడు. "మరి నీకు ఎవరు నచ్చారురా?" అన్నాను. పై జెండాకేసి చూశాడు గాని మాట్లాడలేదు.

ఆ జెండా వెనక ఈ ఊరి పశ్చాత్తాపం కూడా ఉంది. 1992లో 20 ఆటలు గెలిచి, ఆ ఏటి ఉత్తమ పిచర్‌గా సై యంగ్ పేరిట ఇచ్చే బహుమతి పుచ్చుకున్నాడు. అదే ఏడాది డిసెంబరులో చికాగో అతన్ని పోగొట్టుకుంది, బేరం కుదరలేదు. న్యూయార్క్ వాళ్ళు ఇంకా ఎక్కువ ఇస్తామన్నా కాదని, ఐదేళ్ళకు 2 కోట్ల 80 లక్షల డాలర్లకు అట్లాంటా వెళ్ళాడు. అక్కడ మరి మూడేళ్ళు వరసగా అదే బహుమతి. 1995లో 19 గెలిచి 2 ఓడాడు. ఆ ఏడు అట్లాంటా జగజ్జేత అయింది. 1908 తరవాత గెలుపు మొహం చూడని చికాగోవాళ్ళు ఇక్కడ కూర్చుని పళ్ళు కొరుక్కున్నారు. వాళ్ళ కరువు 2016 దాకా తీరలేదు. 2004లో ఆయన మళ్ళీ ఈ గూటికే వచ్చాడు. ఆ ఆగస్టులో 300వ గెలుపు ఈ జట్టు టోపీతోనే సాధించాడు. చివర్లో లాస్‌ఏంజెలెస్‌కు, శాన్‌డియాగోకు ఆడి, మొత్తం 355 గెలుపులతో ముగించాడు. అందులో చికాగోవి 133, అట్లాంటావి 194. 2014లో కూపర్స్‌టౌన్ కీర్తిమందిరంలో కంచుఫలకం పెట్టినప్పుడు టోపీ మీద ఏ జట్టు గుర్తు వెయ్యాలన్న ప్రశ్న వచ్చింది. ఏదీ వెయ్యలేదు. ఖాళీ టోపీతో ఉన్నాడు.

ఆనాటి ఆట కబ్స్ ఓడిపోయారు. ఇక్కడ ఒక ఆచారం ఉంది. గెలిస్తే స్కోరుబోర్డు మీద తెల్లజెండా, ఓడితే నీలిజెండా ఎగరేస్తారు, రైళ్ళలో పోయేవాళ్ళు చూసి తెలుసుకోవడానికి. మేము రైలెక్కేసరికి నీలిజెండా సరస్సు గాలికి రెపరెపలాడుతోంది. మా వాడు దాన్ని చూడలేదు. ఒళ్ళో కాగితం పెట్టుకుని 3-1లు ఎన్ని వచ్చాయో లెక్క పెడుతున్నాడు. రెండే.

మర్నాడు సాయంత్రం ఇంటి వెనక గడ్డి మైదానంలో నన్ను మొదటి బేసు కాపలావాణ్ణి చేశాడు. బేసు నా చెప్పు. బావగారు టెన్నిస్ బంతి, తేలికపాటి కర్రతో నిలబడ్డారు. అక్కయ్య వెనక వసారాలో కూర్చుని, చూడటం లేదన్నట్టుగా చిక్కుడుకాయలు గిల్లుతోంది. బావగారు రెండు బంతులు సూటిగా వాడిమీదికి కొట్టారు. రెండుసార్లూ వాడు ముఖం తిప్పుకున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. తరవాత నా వైపు కొట్టారు. నేను వంగి, తడుముకుని, పట్టి, లేచేసరికి వాడు వంపు తిరిగి వచ్చి నా చెప్పు మీద అడుగు వేస్తున్నాడు. అందించాను. "త్రీ-వన్!" అని అరిచాడు.

అలా ఏడయ్యాయి. నడుము పట్టేసింది. దీపాలు పెట్టారు, దోమలు వచ్చాయి, లోపలికి రండని అక్కయ్య కేక వేసింది.

"ఏడు ఆయన రికార్డు మావయ్యా. ఇంకొక్కటి," అంటూ వాడు మళ్ళీ దిబ్బ దగ్గరికి పరుగెత్తాడు.